వెళ్లింది ఎలక్ట్రాన్, తిరిగొచ్చింది ఖాళీ

లోహానికీ అతివాహకానికీ మధ్య ఉన్న హద్దు దగ్గర కరెంటు రెట్టింపవుతుంది, వేడి మాత్రం ఆగిపోతుంది. కారణం తెలిశాక ఆ హద్దే కొత్త కణాలకు పరీక్షాకేంద్రమైంది.

రాగి గిన్నె పొయ్యి మీద ఇట్టే వేడెక్కుతుంది. స్టీలు గిన్నెకు కాస్త సమయం పడుతుంది. ఇంట్లో కరెంటు తీగలకూ రాగినే వాడతాం. ఈ రెండు గుణాలూ ఒకే లోహంలో ఉండటం కాకతాళీయం కాదు. 1853లో జర్మన్ శాస్త్రవేత్తలు గుస్టావ్ వీడెమాన్, రుడాల్ఫ్ ఫ్రాంజ్ రకరకాల లోహాలను కొలిచి చూశారు. కరెంటు బాగా పారే లోహంలో వేడి కూడా దాదాపు అదే నిష్పత్తిలో బాగా పారుతుందని తేల్చారు. లోహంలో ఈ రెండు బరువులనూ మోసేది ఎలక్ట్రానే అని ఆ తర్వాత తెలిసింది.

1911లో హాలెండ్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లార్చాడు. దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. ఆ స్థితికి చేరే పదార్థాలను అతివాహకాలు అంటున్నాం. సీసం, తగరం, అల్యూమినియం, నయోబియం అన్నీ తగినంత చల్లబడితే అతివాహకాలవుతాయి. నిరోధమే లేకుండా కరెంటు పారుతుంటే వేడి ఇంకెంత జోరుగా పారాలి?

జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అతివాహకంగా మారిన లోహం బాగా చల్లబడే కొద్దీ వేడిని పోనివ్వడం మానేస్తుంది. అతిశీతల ప్రయోగశాలల్లో ఈ గుణాన్ని స్విచ్చుగా వాడతారు. అల్యూమినియం ముక్కకు అయస్కాంత క్షేత్రం పెడితే అది మామూలు లోహమై వేడిని దాటనిస్తుంది. క్షేత్రం తీసేస్తే అతివాహకమై అడ్డం పడుతుంది.

పొరల దగ్గర తేలని లెక్క

తగరం లాంటి అతివాహకాన్ని ఒక మోస్తరు అయస్కాంత క్షేత్రంలో పెడితే అది పూర్తిగా అటూ కాదు, ఇటూ కాదు. ఒక పొర మామూలు లోహం, పక్క పొర అతివాహకం, మళ్లీ లోహం, ఇలా పొరలు పొరలుగా చీలి ఉంటుంది. ఈ మిశ్రమ స్థితిలో వేడి ఎంత పారుతుంది? మామూలు లోహంలో పారేదానికీ అతివాహకంలో పారేదానికీ మధ్యలో ఎక్కడో ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కొలిచి చూస్తే అంతకంటే తక్కువ వచ్చింది. పొరలు విడివిడిగా ఇచ్చే నిరోధాలన్నీ కూడినా లెక్క సరిపోలేదు. ఏదో అదనపు అడ్డంకి ఉంది. అది పొరల్లో లేదంటే పొరల మధ్య హద్దులోనే ఉండాలి.

మాస్కోలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిజికల్ ప్రాబ్లమ్స్‌లో అలెగ్జాండర్ ఆండ్రేయెవ్ ఈ లెక్కను 1964లో విప్పారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. దాన్ని ప్రచురించిన పత్రం శీర్షికలో కొత్త కణాల మాట లేదు, కొత్త ప్రతిఫలనం మాటా లేదు. అందులో ఉన్నది ఉష్ణవాహకత గురించిన సాదా ప్రస్తావనే. లోపల మాత్రం అప్పటిదాకా ఎవరూ ఊహించని రకం ప్రతిఫలనం ఉంది. ఆయన తర్వాత అదే సంస్థకు డైరెక్టరయ్యారు, 2023లో కన్నుమూశారు. ఈ రోజు భౌతికశాస్త్రంలో ఆయన పేరు లేకుండా అతివాహకం హద్దు గురించి ఒక్క వాక్యం రాయడం కష్టం.

> క్వాసీ కణం అంటే
>
> ఒక ఘన సెంటీమీటరు రాగిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు 8 పక్కన 22 సున్నాలు పెడితే వచ్చేటన్ని ఉంటాయి. ఒక్కొక్కటీ మిగతా అన్నిటినీ తోస్తూ ఉంటుంది. విడివిడిగా లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. అయితే ఒక ఎలక్ట్రాన్‌కు కొంచెం అదనపు శక్తి ఇస్తే, అది చుట్టుపక్కల వాటిని సర్దుకునేలా చేస్తూ, ఆ సర్దుబాటంతటినీ వెంటేసుకుని ఒకే కణంలా కదులుతుంది. ఈ మొత్తాన్ని క్వాసీ కణం అంటారు. సోవియట్ శాస్త్రవేత్త లెవ్ లాండావ్ 1956లో ఈ ఆలోచనకు గట్టి పునాది వేశాడు.
>
> ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట లేకపోతే ఆ ఖాళీ కూడా కణంలాగే కదులుతుంది. దాని పేరు హోల్. రుణావేశం లేని చోటు కాబట్టి అది ధనావేశంలా ప్రవర్తిస్తుంది. ఇదీ క్వాసీ కణమే.

ఇద్దరికే చోటున్న గది

అతివాహకం లోపల ఎలక్ట్రాన్లు ఒంటరిగా ఉండవు. జతలు కట్టి ఉంటాయి. లియాన్ కూపర్ 1956లో ఈ జతల సంగతి చూపించాడు. మరుసటి ఏడాది జాన్ బార్డీన్, కూపర్, రాబర్ట్ ష్రీఫర్ కలిసి మొత్తం సిద్ధాంతం కట్టారు. 1972లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. జతను విడగొట్టాలంటే ఒక్కో ఎలక్ట్రాన్‌కు కనీసం ఇంత శక్తి కావాలని ఒక పరిమితి ఉంటుంది. దాన్నే గ్యాప్ అంటారు. అంతకన్నా తక్కువ శక్తితో వచ్చిన ఒంటరి ఎలక్ట్రాన్‌కు అతివాహకంలో నిలబడటానికి చోటే లేదు.

పెళ్లి భోజనాల దగ్గరి సంగతి అనుకుందాం. బయట పందిట్లో బంతి నిండుగా కూర్చుంది, ఒక్క విస్తరి కూడా ఖాళీ లేదు. ఒకాయన ఆలస్యంగా వచ్చి, నిలబడే, వరస పక్కగా నడుస్తూ చివరనున్న లోపలి గది గుమ్మం దగ్గరికి చేరాడు. లోపలి గదిలో ఇద్దరిద్దరికి వేసిన పీటలే ఉన్నాయి, ఒంటరిగా వస్తే కూర్చోబెట్టరు. ఆయన ఏం చేశాడంటే, గుమ్మం పక్కనే బంతిలో కూర్చున్న ఒకాయన చెయ్యి పట్టుకుని లేపి, ఇద్దరూ కలిసి లోపలికి వెళ్లిపోయారు. ఇప్పుడు బంతి చివర ఒక విస్తరి ఖాళీ. పక్కనున్నాయన అందులోకి జరిగాడు, ఆయన చోటు ఖాళీ అయింది, దాంట్లోకి ఇంకొకరు జరిగారు. చూస్తుండగానే ఆ ఖాళీ గుమ్మం నుంచి వెనక్కి, ఆలస్యంగా వచ్చినాయన నడిచొచ్చిన దిక్కుకే ప్రయాణిస్తోంది.

లోహం, అతివాహకం కలిసే చోట జరిగేది ఇదే. నిలబడి నడిచొచ్చినది అదనపు శక్తి ఉన్న ఎలక్ట్రాన్. కూర్చున్న బంతి లోహంలోని మిగతా ఎలక్ట్రాన్ల సముద్రం. లోపలికి వెళ్లింది కూపర్ జత. వెనక్కి వచ్చింది హోల్. దీన్నే ఆండ్రేయెవ్ ప్రతిఫలనం అంటారు.

ఆవేశం లెక్క చూడండి. వచ్చింది ఒక ఎలక్ట్రాన్ ఆవేశం. లోపలికి వెళ్లింది రెండు. తేడాకు సరిపడా ధనావేశం హోల్ రూపంలో వెనక్కి పోయింది. పైసా తేడా లేదు. శక్తి లెక్క ఇంకా ఆసక్తికరం. లోపలి జతలు కూర్చునే మట్టం లోహంలోని బంతి మట్టమే. అందుకే కొత్త జత తనతో అదనపు శక్తి ఏదీ తీసుకుపోదు. వచ్చిన ఎలక్ట్రాన్ బంతి మట్టానికి ఎంత ఎత్తున ఉందో, దాని జోడీ ఆ మట్టానికి అంతే లోతు నుంచి వస్తుంది. ఆ అదనపు శక్తి అంతా హోల్‌తో పాటు తిరిగి వెళ్లిపోతుంది. వేడి అంటే ఆ అదనపు శక్తే కదా. ఆవేశం గుమ్మం దాటింది, వేడి దాటలేదు. మిశ్రమ స్థితిలో కనిపించిన అదనపు అడ్డంకి ఇదే. గ్యాప్ కంటే ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు దాటిపోగలవు గానీ, బాగా చల్లటి చోట అవి కొద్దే ఉంటాయి.

వచ్చిన దారినే ఎందుకు?

పెళ్లి భోజనాల ఉదాహరణ ఇక్కడితో ఆగుతుంది. ఎందుకంటే హోల్ ఊరికే వెనక్కి రాదు, ఎలక్ట్రాన్ వచ్చిన గీత మీదే వెనక్కి నడుస్తుంది. ఏటవాలుగా గోడకు కొట్టిన బంతి అటువైపు ఏటవాలుగా ఎగిరిపోతుంది. అద్దం మీద పడ్డ వెలుగూ అంతే. ఇక్కడ మాత్రం ఎంత ఏటవాలుగా వచ్చినా తిరుగు ప్రయాణం అదే గీత మీద.

ఈ వింతకు కారణం కష్టమైనదేమీ కాదు, ఓపిగ్గా చదివితే చాలు. కూపర్ జతలో రెండు ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురు, కూడితే సున్నా. కాబట్టి ఈశాన్యం దిక్కుగా వచ్చిన ఎలక్ట్రాన్‌కు జోడీగా పనికొచ్చేది నైరుతికి పోతున్న ఎలక్ట్రాన్ ఒక్కటే. దాన్ని సముద్రంలోంచి తీసేస్తే మిగిలే ఖాళీ ఎటు కదులుతుంది? తీసేసిన ఎలక్ట్రాన్ ఎటు కదులుతూ ఉండేదో అటే. అంటే నైరుతికే. ఈశాన్యానికి వచ్చింది ఎలక్ట్రాన్, నైరుతికి వెళ్లింది హోల్. దారి ఒక్కటే.

మామూలు గోడలాగా ఎందుకు తిప్పికొట్టదు అంటే, గట్టిగా తిప్పికొట్టాలంటే గట్టి దెబ్బ కావాలి. లోహంలో ఎలక్ట్రాన్ల శక్తి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు, రాగిలో దాదాపు 7. అతివాహకం గ్యాప్ అందులో వేల వంతుల్లో ఒకటి. నయోబియంలో అది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో వెయ్యో వంతుకు ఒకటిన్నర రెట్లు. అంత మెత్తటి హద్దు అంత వేగంగా వచ్చేదాన్ని వెనక్కి నెట్టలేదు. పైగా ఈ మార్పు ఒక్క గీత దగ్గర జరిగేది కాదు. ఎలక్ట్రాన్ అతివాహకంలోకి కొంత దూరం చొచ్చుకుపోతూ, కొంచెం ఎలక్ట్రాన్, కొంచెం హోల్ అన్న మిశ్రమంగా మారుతూ, చివరికి హోల్‌గా బయటపడుతుంది. శుద్ధమైన అల్యూమినియంలో ఆ దూరం ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. పరమాణువుల కొలతలో అది చాలా పెద్ద దూరం.

కరెంటు రెట్టింపు

ఒక్కో ఎలక్ట్రాన్ వస్తే రెండేసి లోపలికి వెళుతున్నాయంటే, హద్దు శుభ్రంగా ఉన్నప్పుడు తక్కువ వోల్టేజి దగ్గర కరెంటు రెట్టింపు కావాలి. అవుతుంది కూడా. 1982లో గ్రెగ్ బ్లాండర్, మైకేల్ టింకమ్, ట్యూనిస్ క్లాప్‌వైక్ దీనికి ఇప్పటికీ అందరూ వాడే సిద్ధాంతం ఇచ్చారు. హద్దు శుభ్రత ఎంతో చెప్పే ఒకే ఒక్క అంకెను అందులో పెట్టారు. ఆ అంకె సున్నా అయితే కరెంటు రెట్టింపు. అంకె పెరిగే కొద్దీ, అంటే మధ్యలో ఆక్సైడ్ పొర లాంటి అడ్డు ఉంటే, ఎలక్ట్రాన్ మామూలు గోడను తాకినట్టే వెనుదిరుగుతుంది, గ్యాప్ లోపల కరెంటు దాదాపు ఆగిపోతుంది. ఐవర్ గెవర్ 1960లో అలాంటి ఆక్సైడ్ పొర గుండానే గ్యాప్‌ను కొలిచాడు, దానికి 1973లో నోబెల్ అందుకున్నాడు.

రెండు అతివాహకాల మధ్య సన్నటి లోహం ఉంటే ఈ ఆట రెండు వైపులా సాగుతుంది. ఎలక్ట్రాన్ ఒక గుమ్మం దగ్గర హోల్‌గా మారి వెనక్కి వస్తుంది, ఆ హోల్ రెండో గుమ్మం దగ్గర మళ్లీ ఎలక్ట్రాన్ అవుతుంది. ఒక్కో చుట్టుకు ఒక్కో జత అటునుంచి ఇటు చేరుతుంది. రెండు అతివాహకాల మధ్య సన్నటి పొర ఉండే జోసెఫ్‌సన్ సంధుల్లో నిరోధం లేని కరెంటు, ఈ రాకపోకలతో ఏర్పడే ఆండ్రేయెవ్ స్థితుల గుండానే పారుతుంది. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో పెడతామని 2025లో ప్రకటించిన ఐబీఎం కంప్యూటర్ క్యూబిట్లు జోసెఫ్‌సన్ సంధులతో చేసినవే.

హద్దు పెట్టే పరీక్ష

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే భాగం ఇక్కడ మొదలవుతుంది. హద్దు నియమం ఒక్కటే, జతగానే లోపలికి రావాలి. వచ్చే కణం గుణం మారితే తిరిగొచ్చేది మారుతుంది. కాబట్టి తిరిగొచ్చినదాన్ని చూసి వచ్చినది ఎలాంటిదో చెప్పవచ్చు.

ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే గుణం ఉంది, పైకి లేదా కిందికి. మామూలు కూపర్ జతలో ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండాలి. క్రోమియం డయాక్సైడ్ అనే అయస్కాంత పదార్థంలో కరెంటు మోసే ఎలక్ట్రాన్లన్నీ దాదాపు ఒకే స్పిన్‌తో ఉంటాయి. పాటల క్యాసెట్ల కాలం తెలిసినవాళ్లకు ఖరీదైన క్యాసెట్ల మీద ఈ పదార్థం పేరు చూసిన గుర్తుంటుంది. అలాంటి ఎలక్ట్రాన్ హద్దు దగ్గరికొస్తే ఎదురు స్పిన్ జోడీ దొరకదు. జత కట్టలేదు, హోల్ పుట్టదు, కరెంటు పెరగకపోగా తగ్గుతుంది. 1998లో అమెరికా నేవల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు ఈ తగ్గుదలనే కొలబద్దగా వాడారు. నయోబియం తీగను సన్నటి మొనలా చెక్కి, ద్రవ హీలియంలో ముంచి, పరీక్షించాల్సిన లోహం మీద మరతో మెల్లగా ఆనించి కరెంటు కొలిచారు. క్రోమియం డయాక్సైడ్‌లో నూటికి 90 మేర స్పిన్ ఒకే వైపు ఉందని తేలింది. ఇనుము, కోబాల్ట్, నికెల్‌లలో అది 40కి కాస్త పైన.

గ్రాఫీన్‌లో దారి మారింది

ఒకే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర గ్రాఫీన్. 2004లో దాన్ని విడదీశాక, 2006లో భౌతికశాస్త్రవేత్త కార్లో బెనాకర్ ఒక ప్రశ్న వేసి తానే జవాబిచ్చాడు. అందులో హోల్ వచ్చిన దారినే వెనక్కి పోతుందా? అన్నిసార్లూ పోదు.

గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లకు పైమెట్టు, కిందిమెట్టు అని రెండు వరసలుంటాయి, రెండూ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. కిందిమెట్టు ఎలక్ట్రాన్ల గుణం విచిత్రం. వాటి ద్రవ్యవేగం ఒక దిక్కుకు ఉంటే అవి కదిలేది దానికి ఎదురు దిక్కుకు. ఎలక్ట్రాన్ల మట్టం ఆ బిందువుకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు, పైమెట్టు నుంచి వచ్చిన ఎలక్ట్రాన్‌కు జోడీ కిందిమెట్టు నుంచి వస్తుంది. ఇప్పుడు ఇందాకటి లెక్కనే మళ్లీ వేయండి. హద్దు వెంబడి జోడీ ద్రవ్యవేగం ఎదురే, కానీ దాని కదలిక ఎదురుకు ఎదురు, అంటే వచ్చిన ఎలక్ట్రాన్ కదిలిన వైపే. మిగిలిన హోల్ హద్దు వెంట అదే వైపుకు జారి, అద్దం మీద వెలుగులా అవతలికి ఎగిరిపోతుంది.

దీన్ని ప్రయోగంలో చూడటానికి పదేళ్లు పట్టింది. మామూలు గ్రాఫీన్‌లో అక్కడక్కడా ఆవేశం మడుగులు కట్టి, మట్టం గ్యాప్ కంటే చాలా ఎక్కువగా ఊగుతుంది. చాలా శుభ్రమైన రెండు పొరల గ్రాఫీన్‌ను నయోబియం డైసెలినైడ్ అనే పొరల అతివాహకానికి ఆనించిన బృందం 2016లో ఈ కొత్త ప్రతిఫలనం గుర్తులను చూపింది.

> మూడోవంతు ఎలక్ట్రాన్ వస్తే?
>
> గట్టి అయస్కాంత క్షేత్రంలో, అతి శీతలంలో, పలచని పొరలో చిక్కిన ఎలక్ట్రాన్లు కలిసి ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడోవంతు మోసే క్వాసీ కణాలను పుట్టిస్తాయి. 1982లో ఆ స్థితి కనబడింది, 1998లో దానికి నోబెల్ వచ్చింది. ఈ కణం, పూర్తి ఎలక్ట్రాన్లకే చోటున్న పక్క ప్రాంతంలోకి వెళ్లాలంటే ఏం జరగాలి? మూడోవంతు వచ్చింది, ఒక పూర్తి ఎలక్ట్రాన్ లోపలికి పోవాలి. తేడా మూడింట రెండు వంతుల ధనావేశం, అది హోల్‌లాగా వెనక్కి రావాలి. జపాన్‌లోని ఎన్‌టీటీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2021లో సరిగ్గా ఇలాంటి ప్రతిఫలనాన్ని కొలిచారు. ఇక్కడ అతివాహకమే లేదు. ఆండ్రేయెవ్ లెక్క మాత్రం అలాగే నడిచింది.

శిఖరాలను నమ్మేముందు

అతివాహకానికి ఆనించిన కొన్ని నానోతీగల చివర్లలో మయోరానా అనే క్వాసీ కణం ఉంటుందని, అది సగం ఎలక్ట్రాన్, సగం హోల్ అని సిద్ధాంతం చెబుతుంది. అది నిజంగా ఉంటే దాన్ని తాకిన ప్రతి ఎలక్ట్రాన్ హోల్‌గానే తిరిగి రావాలి. మధ్యలో అడ్డు ఎంత ఉన్నా, తగినంత చల్లగా ఉంటే, సున్నా వోల్టేజి దగ్గర విద్యుత్ వాహకత ఒక కచ్చితమైన విలువను చేరాలి. 2012లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సున్నా వోల్టేజి దగ్గర వాహకతలో ఒక శిఖరం కనబడినప్పుడు ప్రపంచమంతా ఉత్సాహపడింది. ఆ కచ్చితమైన విలువ కూడా దొరికిందని 2018లో నేచర్ పత్రికలో ఇంకో పత్రం వచ్చింది. 2021లో, తమ పనిలో శాస్త్రీయ కచ్చితత్వం చాలలేదంటూ రచయితలే దాన్ని ఉపసంహరించుకున్నారు. మయోరానా లేకుండానే, మామూలు ఆండ్రేయెవ్ స్థితులు కూడా అలాంటి శిఖరాన్ని తెచ్చిపెట్టగలవు.

మొన ఆనించి కొలిచే పద్ధతిలోనూ ఇలాంటి ఉచ్చులున్నాయి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గౌతమ్ షీట్, ప్రతాప్ రాయ్‌చౌధురి బృందం 2004లోనే దీన్ని వివరంగా చూపించింది. మొన తాకిన చోటు మరీ వెడల్పైతే, అతివాహకం భరించగల కరెంటు అక్కడ దాటిపోయి, కొలతలో లోతైన గుంటలు పడతాయి. చూసేవారికి అవి కొత్త భౌతికశాస్త్రంలా కనిపిస్తాయి. తర్వాత మొహాలీ ఐసర్‌లో గౌతమ్ షీట్ బృందం, అతివాహకం కాని కాడ్మియం ఆర్సెనైడ్ మీద అతివాహకం కాని వెండి మొన ఆనిస్తే ఆ తాకిన చోట మాత్రమే అతివాహకత పుడుతుందని 2016లో ప్రకటించింది. తాకే చోటు పరిమాణాన్ని మార్చి మార్చి, ఉష్ణోగ్రతనూ అయస్కాంత క్షేత్రాన్నీ మార్చి మార్చి కొలిచాకే వారు ఆ మాట అన్నారు. దాదాపు అదే సమయంలో బీజింగ్‌లో మరో బృందం కూడా అదే పదార్థంలో అలాంటి ఫలితమే చూసింది. ఇలా వేర్వేరు చోట్ల కనబడినప్పుడే నమ్మకం కలుగుతుంది.

అందుకే కొత్త క్వాసీ కణం దొరికిందన్న వార్త పేపర్లో కనబడితే మూడు సంగతులు వెతకండి. మొన తాకిన చోటు ఎంత వెడల్పు, దాన్ని మారిస్తే శిఖరం ఏమైంది, ఇంకో ప్రయోగశాల దాన్ని మళ్లీ చూసిందా. మూడింటికీ జవాబు ఉన్న వార్తనే నమ్మండి.